ప్రధాని ఎవరో ఎక్కడ తేలాలి?

1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కాయి. దక్కని ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి ముందు లోక్‌సభ స్పీకరయ్యారు, అదే ఏడాది జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. పద్నాలుగేళ్ళు గడిచాక, 1991 నవంబరు ఉప ఎన్నికలో అదే నంద్యాల పి.వి. నరసింహారావును 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీఆర్ అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. ప్రధానిని నియమించే స్థానంలో ఒకరు, ఆ నియామకం అందుకున్న స్థానంలో ఒకరు. ఇద్దరి ముందూ నిలిచిన ప్రశ్న మాత్రం ఒకటే. లోక్‌సభలో ఎవరికీ నికరమైన మెజారిటీ లేనప్పుడు ప్రధాని ఎవరన్నది ఎక్కడ తేలాలి? రాష్ట్రపతి భవన్‌లోనా, పార్టీ నాయకుల ఇళ్ళలోనా, సభలోనా?

సభలోనే తేలాలి, అందరి ముందూ ఓటుతోనే తేలాలి అన్నది ఈ వ్యాసకర్త నమ్మకం. ఢిల్లీలో ఇప్పటిదాకా జరిగింది చూస్తే ఆ నమ్మకం బలపడుతుందే తప్ప సడలదు.

రాజ్యాంగం ఈ పదవి గురించి చెప్పింది చాలా తక్కువ. ప్రధాని నాయకత్వంలోని మంత్రిమండలి రాష్ట్రపతికి సలహా ఇస్తుందని 74వ అధికరణం చెబుతుంది. ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారనీ, మిగతా మంత్రులను ప్రధాని సలహా మేరకు నియమిస్తారనీ, మంత్రిమండలి మొత్తంగా లోక్‌సభకు జవాబుదారీ అనీ 75వ అధికరణం అంటుంది. ప్రభుత్వ వ్యవహారాలను రాష్ట్రపతికి తెలియజేయడం ప్రధాని బాధ్యత అని 78వ అధికరణం చెబుతుంది. ఎవరిని నియమించాలి, దేన్ని బట్టి నియమించాలి అన్న మాట ఎక్కడా లేదు. ప్రధాని లోక్‌సభ సభ్యుడై ఉండాలన్న నియమం కూడా లేదు. అసలు సభ్యత్వమే లేకుండా ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చన్న వెసులుబాటు ప్రధానికీ వర్తిస్తుందని దేవెగౌడ నియామకం మీద వచ్చిన కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 1966లో ఇందిరాగాంధీ, 1997లో గుజ్రాల్, 2004 నుంచి పదేళ్ళు మన్మోహన్ సింగ్ రాజ్యసభ నుంచే ప్రధానులుగా ఉన్నారు. పీవీ ప్రమాణం చేసిన 1991 జూన్ 21న ఏ సభలోనూ సభ్యుడు కారు.

ఇదే బ్రిటిష్ నమూనాను తీసుకున్న కరీబియన్ దీవులు ఈ విషయాన్ని మరింత వివరంగా రాసుకున్నాయి. ట్రినిడాడ్, టొబాగో సంగతే చూద్దాం. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ మన కూలీలను మొదటిసారి దించిన దేశం అది. తర్వాత మద్రాసు రేవు నుంచి కరీబియన్‌కు సాగిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వెళ్ళారు. 1976లో గణతంత్రమైనప్పుడు ఆ దేశం తన రాజ్యాంగంలో, ప్రధాని ప్రతినిధుల సభ సభ్యుడే కావాలని రాసింది. సభలో మెజారిటీ ఉన్న పార్టీ నాయకుణ్ణి నియమించాలి. అలాంటి పార్టీ లేకపోతే, ఎక్కువమంది మద్దతు కూడగట్టగలరని అధ్యక్షుడు భావించిన సభ్యుణ్ణి నియమించాలి. మొత్తం సభ్యుల్లో మెజారిటీతో అవిశ్వాస తీర్మానం నెగ్గితే, ఏడు రోజుల్లో ప్రధాని రాజీనామా చేయాలి, లేదా సభ రద్దుకు సలహా ఇవ్వాలి. రెండూ చేయకపోతే పదవి ఖాళీ అవుతుంది. మన రాజ్యాంగం సంప్రదాయానికి వదిలేసిన మెట్లన్నీ అక్కడ అక్షరాల్లో ఉన్నాయి.

రాసుకున్నంత మాత్రాన చిక్కు తీరిపోయిందా అంటే, లేదు. 2001 డిసెంబరు ఎన్నికల్లో ట్రినిడాడ్‌లోని 36 స్థానాలు రెండు పార్టీలకూ 18 చొప్పున వచ్చాయి. అప్పటికి ప్రధానిగా ఉన్నది బస్‌దేవ్ పాండే, 1995లో ఆ దేశానికి తొలి భారత సంతతి ప్రధాని అయిన నాయకుడు. అధ్యక్షుడు ఎ.ఎన్.ఆర్. రాబిన్సన్ నైతిక, ఆధ్యాత్మిక విలువలను కారణంగా చూపి పాట్రిక్ మానింగ్‌ను ప్రధానిగా నియమించారు. సభ సమావేశమైనా స్పీకర్‌ను కూడా ఎన్నుకోలేకపోయింది. 2002 అక్టోబరులో మళ్ళీ ఎన్నికలు జరిగేదాకా, సభ మద్దతు ఉందో లేదో ఒక్కసారీ పరీక్షకు నిలవని ప్రభుత్వం నడిచింది. ఎన్నికల్లో మానింగ్ గెలిచారు. అంతకుముందు పది నెలల పాటు దేశ పాలకుడెవరో నిర్ణయించింది మాత్రం ఒకే వ్యక్తి మనస్సాక్షి. రాబిన్సన్ చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. చిత్తశుద్ధి ఉన్న ఒక మనిషి మీద అంత భారం మోపడమే తప్పు.

మన దగ్గర ఆ భారం మొదట పడింది సంజీవరెడ్డి మీద. ఆ కథకు మూలం 1977 మార్చిలోనే ఉంది. జనతా పార్టీ గెలిచింది, కానీ తన నాయకుణ్ణి ఎంపీల ఓటుతో ఎన్నుకోలేదు. జయప్రకాశ్ నారాయణ్, ఆచార్య కృపలానీ అందరినీ సంప్రదించి మొరార్జీ దేశాయ్ పేరు ప్రకటించారు. జగ్జీవన్ రామ్, చరణ్ సింగ్ మనసుల్లో ఆ అసంతృప్తి అలాగే ఉండిపోయింది. దానికి పదకొండేళ్ళ ముందు, 1966 జనవరిలో, ఇందిర, మొరార్జీల మధ్య కాంగ్రెస్ ఎంపీలు ఓటు వేసి 355, 169 ఓట్లతో విషయం తేల్చుకున్నారు. ఓడినవారు ఓటమిని అంగీకరించక తప్పని పద్ధతి అది. పెద్దల మాటతో వచ్చిన పదవికి ఆ బలం ఉండదు.

1979 జూలైలో జనతా చీలింది. వై.బి. చవాన్ పెట్టిన అవిశ్వాసం ఓటింగుకు రాకముందే జూలై 15న మొరార్జీ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి మొరార్జీనీ చరణ్ సింగ్‌నూ మద్దతుదారుల జాబితాలు అడిగారు. పేర్లు సరిచూశారు. చరణ్ సింగ్ వైపు ఎక్కువ తేలడంతో జూలై 28న ఆయన చేత ప్రమాణం చేయించి, వీలైనంత త్వరగా సభ విశ్వాసం పొందమన్నారు. ఆ పరీక్ష జరగనే లేదు. ఇందిర మద్దతు ఉపసంహరించడంతో ఆగస్టు 20న, సభ కూర్చోవాల్సిన రోజునే, చరణ్ సింగ్ రాజీనామా చేసి లోక్‌సభ రద్దుకు సలహా ఇచ్చారు. జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇమ్మన్నారు. రాష్ట్రపతి ఇవ్వలేదు, ఆగస్టు 22న సభను రద్దు చేశారు. దళిత నాయకుడొకరు ప్రధాని అయ్యే అవకాశం అలా చేజారిందన్న బాధ ఉత్తర భారతంలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ బాధలో న్యాయం ఉంది. సభ విశ్వాసం ఒక్కసారీ పొందని ప్రధాని ఇచ్చిన సలహాతో సభే రద్దయింది. జగ్జీవన్ రామ్‌కు బలం ఉందో లేదో సభ చెప్పి ఉంటే సంజీవరెడ్డి మీద నింద పడేది కాదు, లేదని తేలితే జగ్జీవన్ రామ్‌కూ మనస్తాపం మిగిలేది కాదు. ఆ లెక్క తేలే చోటు ఒక్కటే ఉంది, దానికే తాళం పడింది.

తర్వాత వచ్చిన రాష్ట్రపతులు తలా ఒక దారి తొక్కారు. 1989లో వెంకట్రామన్ అతిపెద్ద పార్టీ నాయకుడిగా ముందు రాజీవ్ గాంధీనే పిలిచారు. 197 మందితో ఆయన వద్దనడంతో వి.పి. సింగ్‌కు అవకాశం వచ్చింది. 1996లో శంకర్ దయాళ్ శర్మ కూడా అతిపెద్ద పార్టీ అన్న కారణంతోనే వాజ్‌పేయిని నియమించారు. ఆ ప్రభుత్వం పదమూడు రోజులుంది. 1998లో కె.ఆర్. నారాయణన్ అలా కాదని మద్దతు లేఖలు అడిగారు. పన్నెండు మంది ఎంపీలున్న తెలుగుదేశం తటస్థంగా ఉంటామని చెప్పాకే లెక్క కుదిరి వాజ్‌పేయి ప్రమాణం చేశారు. జాబితా, అతిపెద్ద పార్టీ, లేఖలు. ఎవరి పద్ధతికి వారి దగ్గర సమర్థన ఉంది. అవే ఫలితాలు మరో రాష్ట్రపతి చేతికి వచ్చి ఉంటే మరొకరు ప్రధాని అయ్యేవారేమో అన్న సందేహం ఉన్నంతకాలం అది పద్ధతి అనిపించుకోదు.

ప్రధాని పదవిలో ఉండగా మరణిస్తే ఏం చేయాలన్నదీ అంతే. 1964లో నెహ్రూ, 1966లో శాస్త్రి పోయినప్పుడు గుల్జారీలాల్ నందా తాత్కాలికంగా ప్రమాణం చేశారు, పార్టీ తీరిగ్గా నాయకుణ్ణి ఎన్నుకుంది. 1984 అక్టోబరు 31న ఇందిర హత్య జరిగిన సాయంత్రమే జైల్ సింగ్ రాజీవ్ చేత ప్రమాణం చేయించారు. తాత్కాలిక ప్రధాని మాటే రాలేదు. ట్రినిడాడ్‌లో 1981 మార్చిలో ఎరిక్ విలియమ్స్ మరణించినప్పుడు అధ్యక్షుడు ఎల్లిస్ క్లార్క్ పార్టీ ముగ్గురు ఉపనాయకుల్లో జార్జ్ చేంబర్స్‌ను ఎంచారు. ఎన్నోసార్లు తాత్కాలిక ప్రధానిగా పనిచేసిన భారత సంతతి నాయకుడు కమాలుద్దీన్ మహమ్మద్‌ను పక్కన పెట్టారన్న ఆవేదన అక్కడి భారతీయుల్లో చాలాకాలం నిలిచింది. ఏ సభా ఓటు వేయని నిర్ణయం కావడం వల్లే అలాంటి ఆవేదనకు జవాబు చెప్పేవారు లేకపోయారు.

ఇక పీవీ. ఆయనను అర్థం చేసుకోవాలంటే ఆయనకు ముందు మూడు నెలలు ఢిల్లీ ఎలా ఉందో గుర్తు చేసుకోవాలి. అరవై మంది ఎంపీలతో, కాంగ్రెస్ దయతో ప్రధాని అయిన చంద్రశేఖర్ 1991 మార్చి 6న రాజీనామా చేసి ఆపద్ధర్మ ప్రధానిగా మిగిలారు. ప్రభుత్వం పూర్తి బడ్జెట్ పెట్టలేకపోయింది. విదేశీ మారకం అడుగంటింది. మే నెలలో 20 టన్నుల బంగారం దేశం దాటింది. అంతటి సంక్షోభంలో నిర్ణయాధికారం ఉన్న ప్రభుత్వం లేకపోవడం, ప్రధాని ఎంపిక సభ చేతిలో లేకపోవడం వల్ల దేశం చెల్లించిన మూల్యంలో ఒక భాగం. జూన్ 21న పీవీ వచ్చారు. కాంగ్రెస్ గెలిచింది 232. అంత తక్కువ బలంతోనే జూలై మొదటి వారంలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు, జూలై 24న బడ్జెట్ వచ్చిన రోజునే కొత్త పారిశ్రామిక విధానం సభ ముందు పెట్టించారు. పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. లైసెన్సుల రాజ్యం ముగింపు మీద సంతకం మన్మోహన్ సింగ్‌ది మాత్రమే కాదు, ఆ శాఖ మంత్రిగా పీవీది కూడా. తెలుగువాళ్ళం ఆ మాట గట్టిగా చెప్పుకోవడంలో తప్పు లేదు.

అదే గట్టితనంతో రెండో మాటా చెప్పుకోవాలి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతుంటే కేంద్రం చేష్టలుడిగి చూసింది. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం 251, 265 ఓట్లతో వీగిపోయింది. ఆ పద్నాలుగు ఓట్ల తేడాకు జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న ఆరోపణ కేసయింది. 2000లో ప్రత్యేక కోర్టు పీవీకి శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా వదిలింది. అంతకుముందే 1998లో, డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి 105వ అధికరణం కింద రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరు తేడాతో తీర్పు ఇచ్చింది. పార్లమెంటు మీద గౌరవం ఉన్న ఎవరికైనా మింగుడుపడని తీర్పు అది. ఇరవై ఆరేళ్ళు అదే చట్టమై నిలిచింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఇప్పుడు విశ్వాస పరీక్షలో ఓటుకు డబ్బు తీసుకుంటే సభా హక్కు అడ్డు రాదు. సభలో ఓటు ద్వారానే ప్రధాని తేలాలన్న వాదనకు ఉన్న పెద్ద అభ్యంతరం, ఎంపీలను కొంటారు కదా అన్నది, ఈ తీర్పుతో చాలావరకు బలహీనపడింది.

మైనారిటీ ప్రభుత్వం అయిదేళ్ళు నిలిచింది. నిలిచిన తీరులో గర్వపడేదీ ఉంది, బాధపడేదీ ఉంది. పీవీ వంటి ఓపిక, భాషలన్నీ తెలిసిన మాటకారితనం అందరికీ ఉండవు. వ్యక్తి నేర్పు మీదే ఆధారపడితే వ్యవస్థ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

1996 తర్వాత ప్రధానుల పేర్లు తేలే గదుల్లోకి తెలుగు నాయకులు నేరుగా వెళ్ళారు. యునైటెడ్ ఫ్రంట్ కన్వీనరుగా చంద్రబాబు నాయుడు ఉన్నారు. 1997 ఏప్రిల్ 11న దేవెగౌడ విశ్వాస తీర్మానంలో ఓడాక గుజ్రాల్ పేరు తేలింది అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్‌లోనే. ఆ రోజుల్లో ఆంధ్రభవన్ గేటు దగ్గర పాత్రికేయులు పడిగాపులు పడ్డారు. తెలుగువారికి అది సంతోషం కలిగించిన ఘట్టం. అయినా ఒక రాష్ట్ర అతిథిగృహంలో, తలుపులు మూసి, దేశ ప్రధానిని ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. ఏ ఎంపీ ఎవరివైపు నిలిచాడో ఆ ఎంపీని గెలిపించిన ఓటరుకు తెలియాలి కదా.

వాజ్‌పేయి విశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చిన 1999 ఏప్రిల్ 17న స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం నుంచి వచ్చిన జి.ఎం.సి. బాలయోగి. ఒరిస్సా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినా ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా లేదా అన్న వివాదంలో, బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలారు. వాజ్‌పేయి ప్రభుత్వం 269, 270తో ఒక్క ఓటు తేడాలో పడిపోయింది. తన పార్టీ తెలుగుదేశం మద్దతిస్తున్న ప్రభుత్వం పోతుందని తెలిసీ, చట్టంలో లేని నిషేధాన్ని బాలయోగి సృష్టించలేదు. స్పీకర్ పదవికి దక్కిన గౌరవాల్లో అది ఒకటి. ఆ ఒక్క ఓటుకు గమాంగ్ ఒక్కరే కారణమనడమూ సరికాదు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సోనియాగాంధీ ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నారు, బలం కూడలేదు. ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. అదే వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. సభ విశ్వాసం కోల్పోయిన ప్రధాని, సభే లేని కాలంలో, ఆపద్ధర్మ హోదాలో యుద్ధాన్ని నడిపించాల్సి వచ్చింది. ప్రభుత్వాన్ని దించడానికి 270 మంది ఏకమయ్యారు. ఎవరిని ఎక్కించాలో వాళ్ళకు ఏకాభిప్రాయం లేదు. దించే హక్కు ఉన్నవారికి నిలబెట్టే బాధ్యత కూడా ఉండాలి.

సౌత్ బ్లాక్‌లో దశాబ్దాల తరబడి పెరిగిన ప్రధాని కార్యాలయం గురించి చాలా రాశారు కనుక ఇక్కడ క్లుప్తంగా చాలు. 1964లో శాస్త్రి దగ్గర ఎల్.కె. ఝా, తర్వాత ఇందిర దగ్గర పి.ఎన్. హక్సర్, వాజ్‌పేయి దగ్గర బ్రజేశ్ మిశ్రా కూర్చున్న కార్యాలయం అది. మంత్రివర్గానికి సహాయంగా మొదలై మంత్రివర్గం కంటే బరువైంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం అయ్యాకే, మర్నాడు ఉదయం మంత్రులకు తెలిసింది. ప్రభుత్వ వ్యవహార నిబంధనల్లోని 12వ నియమం ప్రధానికి ఆ వీలు ఇచ్చింది. 1978లో 44వ సవరణ, మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ విధించకూడదని కట్టడి చేసింది. 2003లో 91వ సవరణ మంత్రుల సంఖ్యను లోక్‌సభ సభ్యుల్లో 15 శాతానికి పరిమితం చేసింది. ఇలాంటి కంచెలు మంచివే. కానీ ప్రధాని ఎంత బలవంతుడన్నది చివరికి సభ ఎంత బలంగా ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. బార్బడోస్‌లో మియా మోట్లీ పార్టీ 2018లోనూ 2022లోనూ మొత్తం 30 స్థానాలూ గెలుచుకుంది. ప్రతిపక్షమే లేని సభలో ప్రధానిని అడిగేదెవరు?

అవిశ్వాస తీర్మానం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ మొదటిది ప్రవేశపెట్టారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా కోసం విజయవాడ ఎంపీ కేశినేని శ్రీనివాస్ ప్రవేశపెట్టినది 126, 325తో వీగింది. 2023లో మణిపూర్ మీద గౌరవ్ గొగోయ్ పెట్టినది మూజువాణి ఓటుతో ముగిసింది. ఆ అరవై ఏళ్ళలో ఏ ప్రధానీ అవిశ్వాసం ఓటింగులో ఓడలేదు. సభలో ఓడిన ముగ్గురు, వి.పి. సింగ్, దేవెగౌడ, వాజ్‌పేయి, తామే విశ్వాసం కోరి ఓడారు. విచిత్రమేమిటంటే అవిశ్వాసానికి లోక్‌సభ నియమావళిలో 198వ నియమం ఉంది, యాభై మంది లేచి నిలబడాలన్న షరతూ ఉంది. విశ్వాస తీర్మానానికి ప్రత్యేక నియమమే లేదు. సాధారణ తీర్మానాలకు వాడే 184వ నియమం కిందే నెట్టుకొస్తున్నారు. ముగ్గురు ప్రధానుల భవితవ్యం తేలిన ప్రక్రియకు సొంత నియమం లేదు!

దారి చూపినవాళ్ళు లేక కాదు. 1994 మార్చిలో బొమ్మై తీర్పు, ముఖ్యమంత్రి బలం తేలాల్సింది గవర్నర్ అంచనాలో కాదు, శాసనసభలోనే అని తేల్చింది. అందులో ప్రధాన అభిప్రాయం రాసినవారిలో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ముఖ్యమంత్రులకు వర్తించిన సూత్రం ప్రధానికి ఎందుకు వర్తించకూడదు? 2002లో జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం, జీవన్ రెడ్డి కూడా సభ్యుడిగా ఉన్న సంఘం, ఆ జవాబు ఇచ్చింది. ఎవరికీ మెజారిటీ రానప్పుడు లోక్‌సభ స్పీకర్‌ను ఎన్నుకున్నట్టే తన నాయకుణ్ణీ ఎన్నుకోవాలి, ఆ నాయకుణ్ణి రాష్ట్రపతి ప్రధానిగా నియమించాలి అంది. అవిశ్వాసం పెట్టేవారు ప్రత్యామ్నాయ నాయకుడి పేరు కూడా అదే తీర్మానంలో చెప్పాలంది. జర్మనీ మౌలిక చట్టం 67వ అధికరణం అదే చెబుతుంది. ఛాన్సలర్‌ను దించాలంటే సభ ముందు వారసుణ్ణి ఎన్నుకోవాలి.

ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలనే వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. సభను పక్కకు నెట్టే ఆ దారి ఇక్కడ వద్దు. రాష్ట్రపతి విచక్షణే మేలు, అనూహ్య పరిస్థితుల్లో వెసులుబాటు ఉంటుందనే వాదనలో కొంత బలముంది. కానీ ఆ వెసులుబాటు 1979లో ఎవరికి న్యాయం చేసింది? ప్రత్యామ్నాయం దొరకకపోతే అసమర్థ ప్రధాని కుర్చీకి అతుక్కుపోతాడన్న భయం నిజమైనదే. దానికి కాలపరిమితి పెట్టుకోవచ్చు. నిర్ణీత రోజుల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే ఎన్నికలకు పోవచ్చు. ట్రినిడాడ్‌లో సభ స్పీకర్‌నే ఎన్నుకోలేకపోయిన అనుభవం ఉంది కనుక, మొదటి రోజు తాత్కాలిక స్పీకర్ అధ్యక్షతనే ఈ ఓటు జరిగేలా చూసుకోవాలి.

దీనిలో చాలా భాగానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. 118వ అధికరణం కింద లోక్‌సభ తన నియమాలు తానే రాసుకోవచ్చు. స్పీకర్ అధ్యక్షతన నియమావళి సంఘం ఉంది. విశ్వాస తీర్మానానికి ఒక నియమం, నాయకుడి ఎన్నికకు ఒక నియమం, 198వ నియమానికి ప్రత్యామ్నాయ నాయకుడి షరతు ఆ సంఘం ముందుకు తేవచ్చు. 2024 జూన్‌లో 240 స్థానాలతో మెజారిటీకి దూరంగా ఆగిన బీజేపీకి తెలుగుదేశం 16 మంది ఎంపీలతో మద్దతునిచ్చింది. ఆ మద్దతు కూడా ముందు లేఖగానే రాష్ట్రపతి భవన్‌కు చేరింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభకు వెళుతున్నారు. సంజీవరెడ్డి, పీవీ, బాలయోగి అనుభవం చేతిలో ఉన్నవాళ్ళు వీళ్ళే. ఏ పార్టీవారైనా సరే, ఆ నియమాల ముసాయిదాను సభ ముందు పెట్టే మొదటి సంతకం వీళ్ళలో ఒకరిది కావాలి. అదీ ఎవరి ప్రభుత్వమూ ఊగిసలాటలో లేని ఏడాదిలో పెట్టాలి. లెక్కలు తారుమారయ్యే రోజున పెడితే దాన్ని నియమంగా ఎవరూ చూడరు, ఎత్తుగడగానే చూస్తారు.